నూటయైదు దినముల మంత్రివర్గము

మన కులబాంధవులు సభలలో సర్ కూర్మా వెంకటరెడ్డినాయుడుగారి నామము స్మరించునపుడు "మద్రాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రిగా నుండిన మనవాడు" అని యొక్క వాక్యమున ముగించుట పరిపాటి యైనది. ఆ వాక్యము సత్యమే. కాని ఆ పదవి యెట్టిది, అది యెంతకాల మాయన చేత నుండెను, ఆయన ప్రక్కన కూర్చున్న మంత్రు లెవరు, ఆ యందఱు నే బలముపై నిలిచిరి అని యడిగినచో మన యువకులలో పలువురు నిరుత్తరు లగుదురు. పొగడ్తకొఱకు చరిత్రను కురచ చేసికొనుట మనవంటి సంఘమునకు మర్యాద గాదు. అందుచేత 1937వ సంవత్సరమున ఏప్రిలు 1వ తేదీ మొదలు జులై 14వ తేదీ వఱకు, మొదటి తుది దినములనుగూడ కలుపుకొనిన 105 దినములు, చెన్నపురి సచివాలయమున నడచిన ఆ తాత్కాలిక మంత్రివర్గపు కూర్పును గూర్చి యీ సంచికయందు ముచ్చటింప దలచితిమి.

ఆనాడు రాష్ట్రమంత్రులలో ప్రథముని ప్రధానమంత్రి యనెడివారు. నేడు ముఖ్యమంత్రి యనుచున్న పదవి యదియే. ఆ రాష్ట్రమో, విశాఖపట్టణము మొదలుకొని తిరునల్వేలి వఱకును, పడమట మలబారు, దక్షిణ కన్నడ మండలముల వఱకును వ్యాపించి, నాలుగు భాషల జనులను ఒక్క శాసనసభ క్రిందికి తెచ్చిన ఉమ్మడి రాష్ట్రము. మంత్రివర్గమున నెవరెవ రుండవలెనను ప్రశ్న యట్టి రాష్ట్రమున ఎన్నడును తేలికగా తెగెడిది కాదు.

1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వచట్టము ననుసరించి 1937 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగెను. క్రొత్త శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసువారు 159 గెలిచిరి. శాసనమండలిలో 46 స్థానములకు 27 గెలిచిరి. 1920 మొదలుకొని, నడుమ డాక్టరు సుబ్బరాయనుగారి మంత్రివర్గపు కాలము దక్క, అధికారమున నుండిన జస్టిసు పక్షము ఒక్క దెబ్బతో కూలెను. ఆ పక్షనాయకులును అప్పటి ప్రధానమంత్రియు నగు బొబ్బిలి రాజాగారు తమ బొబ్బిలిలోనే వరాహగిరి వేంకటగిరిగారి చేతిలో నోడిరి. కోటలో రాజు ఓడుట యనిన నేమో ఆ యెన్నికలలో తెలుగువారు కన్నులార చూచిరి.

ఇంత స్పష్టముగా ప్రజలు తీర్పు చెప్పినపిమ్మట తాత్కాలిక మంత్రివర్గ మేల వచ్చెనని యడుగవచ్చును. గవర్నరునకు చట్టమిచ్చిన ప్రత్యేకాధికారములే యిందుకు కారణము. మంత్రుల సలహాను త్రోసిపుచ్చునట్టి యధికారములు గవర్నరుచేత నుండగా పదవి స్వీకరించుట వ్యర్థమని కాంగ్రెసులో నొక వర్గము, స్వీకరించి లోపలనుండి పోరాడవలెనని మఱియొక వర్గము వాదించెను. 1937 మార్చిలో ఢిల్లీయందు సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము మధ్యేమార్గమున నొక తీర్మానము చేసెను. మంత్రులు రాజ్యాంగబద్ధముగా పనిచేయునంతకాలము గవర్నరు తన ప్రత్యేకాధికారములతో జోక్యము కలుగజేసికొనడని శాసనసభలోని కాంగ్రెసు నాయకునకు నమ్మకము కలిగి, ఆ సంగతి ఆయన బహిరంగముగా చెప్పగలిగిననే పదవి స్వీకరింపవచ్చునని దాని సారము. మద్రాసు గవర్నరు లార్డు ఎర్స్కిన్ చక్రవర్తుల రాజగోపాలాచారిగారిని పిలిపించెను. అట్టి హామీ మాత్ర మీయజాలకపోయెను. రాజగోపాలాచారిగారు మంత్రివర్గము నేర్పఱుపకయే మరలిరి.

పిదప గవర్నరు శ్రీనివాసశాస్త్రిగారి నడిగెను. ఆయన యంగీకరింపలేదు. కొత్త చట్టము ఏప్రిలు 1వ తేదీనుండి రాష్ట్రములలో నమలునకు రావలసియుండెను. ఆ దినమునకు మంత్రులు కావలెను. అప్పుడు గవర్నరు దృష్టి 1934 మొదలు తన కార్యనిర్వాహకమండలిలో సభ్యుడుగా నుండిన రెడ్డినాయుడుగారిపై పడెను. 1936లో జూను 18 మొదలు అక్టోబరు 1 వఱకు ఆయనయే తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించెను గనుక రాజ్యయంత్రపు ప్రతి కీలును ఆయన యెఱుగును. ఆయన సరేయనెను. కాంగ్రెసువారు దేశమంతట హర్తాళము చేయించిన ఆ ఏప్రిలు 1వ తేదీననే ఆయన ప్రధానమంత్రి యయ్యెను.

ఇక నాయనతో కూర్చున్నవారిని చూతము. ఏ. టి. పన్నీరుసెల్వముగారు తంజావూరు ప్రాంతపు తమిళ క్రైస్తవులు, జస్టిసు పక్షమున పేరుగన్నవారు; హోము, ఆర్థికశాఖలు వారికి వచ్చెను. రాజా సర్ అన్నామలై చెట్టియారుగారి కుమారులు ఎం. ఏ. ముత్తయ్య చెట్టియారుగారు నాట్టుకోట్ట చెట్టియార్లలో ధనమునను ప్రతిష్ఠయందును అగ్రగణ్యమైన యింటివారు. స్థానిక స్వపరిపాలన వారిది. పి. ఖలీఫుల్లా సాహేబుగారు తిరుచిరాపల్లి ముసల్మాను నాయకులు. పబ్లిక్ వర్క్సు శాఖ వారిది. ఆర్. ఎం. పాలట్ గారు మలబారువారు, కాంగ్రెసు మహాసభకు పూర్వమొకప్పు డధ్యక్షత వహించిన సర్ చేట్టూరు శంకరన్ నాయరుగారి పుత్రులు. విద్య, ప్రజారోగ్యము వారి పాలబడెను. ఎం. సి. రాజాగారు ఆదిద్రావిడుల నాయకులు. వారికి అభివృద్ధిశాఖ నిచ్చిరి. రెడ్డినాయుడుగారితో కలిసి యార్గురు.

ఈ యార్గురి పేర్లను వరుసగా చదివినవారికి ఒక్క సంగతి వెంటనే స్ఫురింపక మానదు. ఆంధ్రుడొకడు, మలయాళి యొకడు, క్రైస్తవు డొకడు, ముసల్మా నొకడు, వైశ్యవృత్తి శ్రీమంతు డొకడు, హరిజను డొకడు. తూనికరాళ్ళు వేసి తూచినట్లున్నది! ఇద్ద ఱొక్క సంఘమువారు లేరు. కన్నడిగుడు లేడు, రాయలసీమవాడు లేడు, స్త్రీ లేదు, జస్టిసు పక్షపు సంప్రదాయము ననుసరించి బ్రాహ్మణుడును లేడు; అయినను ఆరు కుర్చీలలో ఇంతకంటె నెక్కువ సంఘములను కూర్చుండబెట్టుట యెవ్వరితరము?

ఈ కూర్పు యాదృచ్ఛికము గాదు. చట్టముతోపాటు గవర్నరులకు చక్రవర్తి పేర నొసగబడిన ఆదేశపత్రమున నొక నిబంధన కలదు. శాసనసభలో స్థిరమైన సంఖ్యాబలము గలవాడని తోచిన నాయకునితో నాలోచించి, సభయొక్క విశ్వాసమును సమష్టిగా పొందజాలిన వారిని గవర్నరు మంత్రులుగా నియమింపవలెననియు, సాధ్యమైనంతవఱకు ముఖ్యములగు అల్పసంఖ్యాక వర్గములవారిని వారిలో చేర్చవలెననియు దాని తాత్పర్యము. సభావిశ్వాసము ఆ నిబంధనకు ప్రాణము. అల్పసంఖ్యాకులను చేర్చుట దాని కలంకారము. ఆంగ్లమూలమున నీ రెండవ మాట కుండలీకరణములలోనే యున్నది. 1937 ఏప్రిలులో చెన్నపురియందు జరిగిన దేమన, కుండలీకరణములలోని మాట అక్షరాల నెఱవేఱెను. దానికి వెలుపలనున్న మాట గాలికి పోయెను. సభలో 159 మంది యెదుటిపక్షమువారు కాగా ఏ కూర్పు విశ్వాసము పొందగలదు? న్యాయవేత్తలలో నీ విషయమై పెద్ద వాదము చెలరేగెను. చట్టప్రకార మది చెల్లుననువారును, చెల్లినను బాధ్యతాయుత ప్రభుత్వమని దాని ననరాదనువారును ఉండిరి.

ఆ మంత్రివర్గము శాసనసభను పిలిపింపనేలేదు. పిలిపించిన మొదటి దినముననే కూలియుండెడిది. శాసనసభలో సభ్యుడు గానివాడు ఆరు మాసములకంటె నెక్కువ మంత్రిగా నుండరాదని అదే చట్టముయొక్క 51వ విభాగమున నుండెను. స్వతంత్ర భారత రాజ్యాంగమునందు 164వ అధికరణములో నీ యారుమాసముల నియమము నేటికిని నిలిచియున్నది. మన కాలమున ఆపద్ధర్మ ప్రభుత్వ మనిన, 2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ రద్దయినపుడు జరిగినట్లు, అంతకుముందు సభావిశ్వాసము గలిగిన మంత్రివర్గమే ఎన్నికల వఱకు కొనసాగుట. 1937 నాటిది దీనికి తలక్రిందు. ఎన్నికలు ముగిసిన పిమ్మట, గెలిచినవారు వెలుపల నుండగా, ఓడినవారును ఓటునకు వెలుపలివారును లోపల కూర్చుండిన ప్రభుత్వ మది.

ఇట్టిది మద్రాసులోనే కాదు. కాంగ్రెసు గెలిచియు పదవి స్వీకరింపని బొంబాయి, సంయుక్తరాష్ట్రము, బిహారు, మధ్యపరగణాలు, ఒరిస్సాలలోను ఇదేవిధమున తాత్కాలిక మంత్రివర్గములు వెలసెను. ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవుగారు ప్రధాని యైరి; 1936 వఱకు మద్రాసు రాష్ట్రముననుండిన పర్లాకిమిడి మన ఉత్తరాంధ్రమునకు ప్రక్కిల్లే గదా. మధ్యపరగణాలలో ప్రధాని యైనవారు ఇ. రాఘవేంద్రరావుగారు. ఆయనయు మన రెడ్డినాయుడుగారివలెనే 1936లో తన రాష్ట్రమునకు తాత్కాలిక గవర్నరుగా నుండినవారు. అనుభవజ్ఞులను వెదకిన ప్రభుత్వము ఒకే త్రోవ త్రొక్కినదని యూహించుటకు వీలగుచున్నది.

ఇచ్చట మేము కొంత వెనుకకు పోవలసియున్నది. కూర్పు లెక్క రెడ్డినాయుడుగారికి 1937లో క్రొత్త గాదు. 1919లో జస్టిసు పక్షమున లండనుకు పోయి పార్లమెంటు సంయుక్తసంఘము నెదుట బ్రాహ్మణేతరుల పక్షమున సాక్ష్యమిచ్చి వచ్చిన ఆయన 1920 డిసెంబరులో ద్వంద్వప్రభుత్వపు మొదటి మంత్రివర్గమున అభివృద్ధిశాఖమంత్రి యయ్యెను. ఆ మంత్రు లప్పుడు మువ్వురు: సుబ్బరాయలు రెడ్డియారుగారు, పానుగంటి రామరాయణింగారుగారు, రెడ్డినాయుడుగారు. రెడ్డియారుగారు అనారోగ్యముచే 1921లో తప్పుకొనగా రామరాయణింగారుగారు, అనగా పానుగల్లు రాజాగారు, ప్రథమమంత్రి యైరి. ఖాళీ యైన స్థానమునకు బరంపురపు ఏ. పి. పాత్రోగారు వచ్చిరి. అంతట ముగ్గురును తెలుగు మండలములవారే యైరి. తమిళులు గొణిగిరి, గొణుగుట న్యాయమే యని మేము నొప్పుకొందుము. మూడు కుర్చీలు మూడును ఒక్క వైపునకే పోయిన నెవరు సహింతురు? 1923 ఎన్నికల పిమ్మట మంత్రివర్గము తిరిగి యేర్పడినపుడు ఆ గొణుగుడు తీర్చుటకు టి. ఎన్. శివజ్ఞానముపిళ్ళగారిని తీసికొనిరి. వారికి చోటిచ్చుటకు లేచిపోయినవాడు రెడ్డినాయుడుగారు. ఆయన తప్పేమియు చెప్పబడలేదు. ఆయన తెలుగువా డగుటయే లెక్కలో నెక్కువ యైనది.

అట్లు లెక్కచేత నొకప్పుడు వెలుపలికి పంపబడినవాడే పదునాలుగేండ్లకు మంత్రివర్గమున పెద్దయై కూర్చుండెను. ఈమాఱు ఆరు కుర్చీలలో తెలుగువా డొక్కడే, ఆయనయే. 1923 నాటి ఫిర్యాదు ఆయన మనస్సున మెదలియుండునా యని మేము పలుమా ఱాలోచించితిమి. మెదలకుండునా?

మఱియొక సంగతియు మఱవరాదు. 1920 మొదలు 1937 వఱకు నడచిన ద్వంద్వప్రభుత్వమున పానుగల్లు రాజాగారు, సుబ్బరాయనుగారు, మునుస్వామినాయుడుగారు, బొబ్బిలి రాజాగారు, పి. టి. రాజన్ గారు మంత్రివర్గములను నడిపిరి. బ్రాహ్మణేతరులకు న్యాయము జరుగవలెనని పుట్టిన పక్షపు ప్రభుత్వము లందు హెచ్చుపాలు. ఆ పదియాఱేండ్ల పైకాలమున మంత్రులలో ఆదిద్రావిడు డొక్కడును లేడు. ముసల్మాను లొక్కరును లేరు. కార్యనిర్వాహకమండలిలో నుండిరి గాని మంత్రులుగా లేరు. ఓట్లుగల ప్రభుత్వము లన్నియు చేయని పనిని ఓటులేని ప్రభుత్వము మొదటి దినముననే చేసెను. ఎం. సి. రాజాగారు మంత్రి యగుటవలన అంతకుముందు మూసియుండిన తలుపొకటి తెఱచుకొనెను. గవర్నరు ఆదేశపత్రము కొఱకే చేసిరి గాని ప్రేమచేత గాదని విమర్శకు లనవచ్చును. కావచ్చును. తలుపు తెఱచినవాని మనస్సు చూచి లోపలికి పోవువాడు వెనుకంజ వేయడు గదా.

రాజాగారు అటుపిమ్మట శాసనసభలో సామాన్యసభ్యుడుగా నుండి 1938లో ప్రజోపయోగస్థలములలో హరిజనులకు గల యడ్డంకులను తొలగించు చట్టమును ప్రతిపాదించి నెగ్గించుకొనిరి. 105 దినములు మంత్రిగా నుండి చేయలేనిది సభలో సభ్యుడుగా నుండి చేసిరి. ఓటుబల మనిన నేమో యిచ్చట తెలియును: మంత్రియైనపుడు ఆయన వెనుక సభ లేదు, సభ్యుడైనపుడు ఆయన బిల్లునకు సభ యుండెను.

1937 జూనులో రాజప్రతినిధి లార్డు లిన్లిత్‌గో ఒక ప్రకటన చేసి గవర్నరులు ఊరక జోక్యము చేసికొన రని నచ్చజెప్పజూచెను. జులై మొదటి భాగమున వార్ధాలో కాంగ్రెసు కార్యనిర్వాహకసంఘము పదవీస్వీకారమున కనుజ్ఞ యిచ్చెను. మద్రాసులో తాత్కాలిక మంత్రివర్గము తప్పుకొనగా జులై 14న రాజగోపాలాచారిగారి మంత్రివర్గము పదవి స్వీకరించెను. ఆ క్రొత్త కూర్పును మన పాతకూర్పు ప్రక్కన నిలిపి చూచుట మిక్కిలి ఉపయోగకరము. మంత్రులు పదిమంది. వారిలో టంగుటూరి ప్రకాశము పంతులుగారు, వి. వి. గిరిగారు, బెజవాడ గోపాలరెడ్డిగారు, ముగ్గురు తెలుగువారు. యాకూబుహసనుగారు ముసల్మాను, వి. ఐ. మునుస్వామిపిళ్ళగారు ఆదిద్రావిడులు, కె. రామన్ మేనోనుగారు మలబారువారు. కాంగ్రెసువారు కులమతముల లెక్క తమకు పట్టదని వేదికలపై చెప్పినను మంత్రివర్గము కూర్చునప్పుడు అదే త్రాసు పట్టుకొనిరి. క్రైస్తవు డొక్కడు లేడను కొఱతయు 1939లో సి. జె. వర్కీగారు చేరుటతో తీఱెను. కాగా భేద మెచ్చట? వారి వెనుక 159 మంది నిలిచియుండిరి. ఆ సంఖ్య ముందు వచ్చెను, కూర్పు పిదప వచ్చెను.

మన సంఘ మేర్పడినప్పటినుండి ప్రాతినిధ్యమును గూర్చి తీర్మానములు చేయుచున్నాము. క్రొత్త మంత్రివర్గ మేర్పడిన మఱునాడు పత్రికలలో ఏ కులమున కెన్ని పదవులని పట్టికలు వచ్చును. మనము కన్నులద్దుకొని మన లెక్క వెదకుదుము. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. కాని కుర్చీని మాత్రమే లెక్కించి, ఆ కుర్చీ క్రింద నేలయున్నదా లేదా యని చూడకపోవుట పొరపాటు. 1937 నాటి మంత్రివర్గము కుర్చీల లెక్కలో నిండుకుండ. నేలలెక్కలో శూన్యము.

అట్లయిన రెడ్డినాయుడుగారు ఆ పదవి స్వీకరించుట తప్పా? ఆనాటి జాతీయవాదులు తప్పనిరి, కటువుగానే యనిరి. వారి కోపము నర్థము చేసికొనగలము. ప్రజలు పంపినవారు గుమ్మము వెలుపల నిలిచియుండగా లోపల కూర్చుండుట చూచువారికి రుచింపదు. అయినను రెండవ వైపు నొకటి యున్నది. మంత్రులు దొరకనిచో చట్టముయొక్క 93వ విభాగముక్రింద గవర్నరు సర్వాధికారములను స్వయముగా పుచ్చుకొనెడివాడు. 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రులు రాజీనామా యిచ్చినపుడు జరిగిన దదియే. 1946 వఱకు మద్రాసు రాష్ట్రమును గవర్నరు సలహాదారులతో నేలెను. అటువంటి పాలన మొదటి దినముననే మొదలయి యుండినయెడల కాంగ్రెసునకును గవర్నరునకును నడుమ సంధి యంత శీఘ్రముగా కుదిరియుండునా యను సందేహము మాకు కలదు. తాత్కాలిక మంత్రివర్గ ముండుటవలన స్థానము చల్లారక, తలుపు మూయబడక యుండెను. కావలివానికి పొలము తనది గాదని తెలిసియే కాయును. పంట యింటికి వచ్చినపుడు ఆయన ప్రక్కకు తొలగెను. పదవిని పట్టుకొని వ్రేలాడలేదు.

కాని యీ 105 దినములను ఆయన కీర్తికి శిఖరముగా చెప్పుకొనుట మాకు సమ్మతము గాదు. మన వసతిగృహములలోను సభామండపములలోను ఆయన పటము పెట్టదలచువారు దానిక్రింద 1920 నాటి మంత్రిపదవిని ముందు వ్రాయుదురు గాక. అది శాసనసభలో బలముగల పక్షమున వచ్చినది. 1928లో జెనీవాలోని నానాజాతిసమితిలో భారతప్రతినిధిగా నుండుట, 1929 మొదలు 1932 వఱకు దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వపు ఏజెంటుగా అచ్చటి మన కూలీల, వర్తకుల కష్టముల నడుమ పనిచేయుట తరువాత వ్రాయుదురు గాక. గోదావరీతీరమున చదివిన తెలగబిడ్డ యొకడు సముద్రములు దాటి యంతపని చేసెనని చెప్పుటలో అతిశయోక్తి యావంతయు లేదు. ప్రధానమంత్రి యనుమాట వ్రాసినచోట 'తాత్కాలిక' యను విశేషణమును వదలకుందురు గాక.

ఆ యార్గురిలో పన్నీరుసెల్వముగారిది విషాదాంతము. ఇండియామంత్రికి సలహాదారుగా నియుక్తులై 1940 మార్చి 1వ తేదీన లండనునకు పోవుచుండగా వారెక్కిన హనీబాల్ అను విమానము ఒమాను సింధుశాఖపై నదృశ్యమయ్యెను. రెడ్డినాయుడుగారు 1940లో అన్నామలై విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా పోయిరి. ముత్తయ్య చెట్టియారుగారి తండ్రి స్థాపించిన విద్యాలయ మది. 1942లో ఆయన మరణించిరి.